తుండుగుడ్డ కింద మాట

నాకు అసూయ ఎక్కువ. ఈ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు. వయసు మీద పడ్డాక సిగ్గుపడే ఓపిక కూడా తగ్గుతుంది. చిన్నప్పుడు పక్కింటి పిల్లాడికి కొత్త చొక్కా కుట్టిస్తే నాకు జ్వరం వచ్చేదని మా అమ్మ చెప్పేది. అయితే మద్రాసులో జర్నలిజం చదివిన ఆ ఒక్క సంవత్సరం నేను పడ్డ కడుపుమంట ముందు ఆ జ్వరాలన్నీ దిగదుడుపే.

అవి యాభైల నడిమి సంవత్సరాలు. ఆంధ్ర రాష్ట్రం విడిపోయి, చదువుకున్న తెలుగువాళ్ళు ఒక్కొక్కరే మూటాముల్లే సర్దుకుని బెజవాడకో కర్నూలుకో పోతున్నారు. మేం ఎక్కడికి పోతాం? మావాళ్ళు నెల్లూరు వైపు నుంచి ఈ పట్నానికి వచ్చి ఎన్ని తరాలైందో చెప్పగలిగినవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. ఉత్తరాన పాత బజారులో మాకు చింతపండు మండీ ఉండేది. నాయన దళారి. ఊళ్ళ నుంచి రైతులు తెచ్చిన సరుకును షావుకార్లకు బేరం చేసి పెట్టడం ఆయన పని. మా తాతా అదే చేశాడు. నేనూ అదే చేస్తానని అందరూ అనుకున్నారు, నేను తప్ప.

బి.ఏ. అయ్యాక, సముద్రానికి ఎదురుగా ఉన్న యూనివర్సిటీలో జర్నలిజం డిప్లమాకు దరఖాస్తు పెట్టాను. సీటు వచ్చిన తరువాతే నాయనకు చెప్పాను. ఆయన చింతపండు తొక్కు గోళ్ళలోంచి తీసుకుంటూ అడిగాడు.

"పేపరు చదివేవాళ్ళను చూసినా. రాసేదానికి గూడా ఒక చదువుండాదా?"

"ఆమా నాయనా."

"సరి. ఒక్క సంవత్సరం. అది అయిపొయ్యేలోగా యాదన్నా పేపర్లో కుదురుకుంటివా, నీ దారి నీది. లేదంటే వచ్చి ఈ గద్దె మీద కూర్చోవాల. మళ్ళా మాట మార్చేది లేదు."

మార్చనని మాటిచ్చాను. ఆ గద్దె మీద కూర్చోకుండా తప్పించుకోవడానికి నేను ఎంత దూరమైనా పోయేవాణ్ణి. ఎంత దూరం పోయానో ఇప్పుడు చెప్పబోతున్నాను.

మా తరగతిలో ఎక్కువమంది అరవవాళ్ళు, కొందరు మలయాళీలు. తెలుగువాళ్ళం ఇద్దరమే. నేనూ, గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఒక కుర్రాడూ. పొడుగ్గా, నల్లగా, ఎప్పుడూ ఒకే తెల్ల చొక్కా ఉతికి తొడుక్కునేవాడు. చింతాద్రిపేటలో, కూవం ఒడ్డున ఒక మేడమీది గదిలో అద్దెకుండేవాడు. కిటికీ తెరిస్తే కూవం వాసన, మూస్తే ఉక్క. ఏది నయమో తేల్చుకోలేక సగం తెరిచి పెట్టుకునేవాడు. మొదటిరోజే నేను మాట్లాడుతుంటే విని, దగ్గరికి వచ్చి, ఎంతో సంతోషంగా అన్నాడు:

"మీరు తెలుగువారేనా! ఎవరో అరవాయన మన భాష నేర్చుకుని చక్కగా మాట్లాడుతున్నాడనుకున్నానండీ."

వెక్కిరింత కాదు. నిజంగా మెచ్చుకున్నాననే అనుకున్నాడు. అందుకే ఇంకా మండింది. ఆ రోజు నుంచీ అతన్ని గమనించడం నాకు పనైపోయింది. వారం తిరక్కుండా ఒకర్నొకరు నువ్వనుకునేంత స్నేహమూ కుదిరింది. అసూయపడేవాడికి స్నేహం కుదిరినంత తొందరగా ఇంకెవరికీ కుదరదు, దగ్గరగా ఉంటే తప్ప చూడలేం కదా.

మా మాస్టారు ఒక ఇంగ్లీషు పత్రికలో పనిచేసి రిటైరైన ముసలాయన. చదువు సగం, పని సగం అన్నది ఆయన పద్ధతి. ప్రతి విద్యార్థీ ఒక రికార్డు పుస్తకం పెట్టాలి. అచ్చయిన మన వార్తను కత్తిరించి అందులో అంటించాలి. శనివారం శనివారం ఆయన స్కేలు పెట్టి, కాలమ్ ఎన్ని అంగుళాలు వచ్చిందో కొలిచి, పక్కన రాసి సంతకం పెట్టేవాడు. ఇంత పెద్ద చదువు చివరికి దర్జీ కొలతలకు వచ్చిందని మేం నవ్వుకునేవాళ్ళం. పైకి నవ్వేవాణ్ణే గానీ పక్కవాడి పుస్తకంలో ఎన్ని అంగుళాలున్నాయో నాకు నోటికి వచ్చు.

సంక్రాంతి సెలవులయ్యాక మా ఇద్దర్నీ పని నేర్చుకొమ్మని ఒక తెలుగు దినపత్రికకు పంపారు. మౌంటు రోడ్డుకు వెనక సందులో ఆఫీసు. కింద మిషను, మధ్య అంతస్తులో సీసం అక్షరాలు ఏర్చి కూర్చే కంపోజిటర్లు, పైన మేం. టెలిప్రింటరు మీద వచ్చిన ఇంగ్లీషు వార్తను తెలుగు చెయ్యాలి. చేసి న్యూస్ ఎడిటర్ బల్ల మీది ఇనప ముల్లుకు గుచ్చాలి. ఆయన నశ్యం పీల్చి, ముల్లు మీంచి కాగితం లాగి, ఎర్ర పెన్సిలు తీసేవాడు. ఆయన చేతిలోంచి బయటికి వచ్చేసరికి నా కాగితం గడపకు పసుపూ కుంకుమా పెట్టినట్టుండేది.

"ఇది తెలుగా, సాంబారా?" అని ఒకరోజు పైకే అడిగాడు. బల్లల దగ్గరున్న అందరూ నవ్వారు. నేనూ ఏడవలేక నవ్వాను.

అతని కాగితం మీద మాత్రం పెన్సిలు పడేది కాదు. న్యూస్ ఎడిటర్ ఒకసారి చదివి, కనుబొమలు పైకెత్తి, అలాగే కిందికి పంపేవాడు. వంతెన మీద బండెద్దు పడిపోయి లేవనంటే పట్నమంతా రైలు గేటు దగ్గర ఆగినట్టు ఆగిపోయిన సంగతి రెండంగుళాల్లో రాశాడు. దాన్ని సబ్ ఎడిటర్లు ఒకరికొకరు చదివి వినిపించుకున్నారు. వంతెన మీద ఆ ఎద్దును నేనూ చూశాను. ఆ పూట అతని పక్కనే ఉన్నాను. నాకది ఎద్దు, అంతే.

నాలుగో రోజో అయిదో రోజో న్యూస్ ఎడిటర్ నన్ను పిలిచి, "మీది బజారు కుటుంబమటగా. రోజూ మార్కెట్ ధరలు తెచ్చిపెట్టు. అందులో తెలుగుతో పనుండదు," అన్నాడు. అప్పట్నుంచీ మిరపకాయలు, చింతపండు, బెల్లం. చీమలంత అక్షరాల్లో రోజూ తప్పకుండా అచ్చయ్యేవి. నా రికార్డు పుస్తకం ఉబ్బిపోయింది. అంగుళాల్లో అతన్ని దాటేశానని శనివారం ధైర్యంగా పట్టుకెళ్ళాను. మాస్టారు స్కేలు తియ్యను కూడా తియ్యలేదు. "ఇది వార్త కాదు, పట్టీ," అని పుస్తకం మూసి ఇచ్చేశాడు.

అతను మాత్రం ఓదార్చాడు. "ఊరంతా ముందు చదివేది నువ్వు రాసిందేనోయ్. మా మెస్సు వంటాయన నీ ధరలు చూడందే సంచీ తియ్యడు." ఇలాంటి మంచితనం ఉన్నవాడి మీద అసూయపడటం ఎంత కష్టమో పడ్డవాడికే తెలుస్తుంది. తిడదామంటే ఒక్క కారణం దొరకదు.

ఫిబ్రవరిలో న్యూస్ ఎడిటర్ ఇద్దర్నీ ఎదురుగా నిలబెట్టి సంగతి చెప్పాడు. సబ్ ఎడిటర్ ఉద్యోగం ఒకటి ఖాళీ అవుతోంది. ఒకటే. మద్రాసు తెలుగువాళ్ళ బతుకు మీద చెరొక వ్యాసం రాయాలి, ఆదివారం అనుబంధానికి. దాన్ని బట్టి చూస్తానన్నాడు. నాకు నాయన గద్దె కళ్ళముందు కనిపించింది, దాని మీద మాసిన తలగడతో సహా.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నేను మా పెరడు వైపే చూడలేదు. నేరుగా టి. నగర్ పోయాను. పేరున్న ఒక తెలుగు సినిమా నటి ఇల్లు అక్కడుంది. మూడు పూటలు గేటు దగ్గర నిలబడ్డాను. ఆవిడ కారు రెండుసార్లు లోపలికి పోయింది, ఒకసారి బయటికి వచ్చింది. మాట్లాడింది తోటమాలి ఒక్కడే. వాడు చెప్పిన కుక్క పేరూ, నేను చూసిన కిటికీ తెరల రంగూ కలిపి ఆరు పేజీలు రాశాను.

అతను ఆ వారంలోనే నన్ను అడిగాడు. "మీ బజారు చూపించవా? రోజూ ధరలు తెస్తావు కదా, అవి ఎలా పుడతాయో చూడాలనుంది."

నవ్వొచ్చింది. చింతపండులో ఏముంటుంది చూడ్డానికి? అయినా తీసుకుపోయాను. ఆఫీసులో నేను సాంబారునే, బజారులో మాత్రం దళారి కొడుకుని, నలుగురూ పలకరిస్తారు, అది అతను చూడాలని.

కొత్త చింతపండు దిగే కాలం. వీధి పొడుగునా బండ్లు. నాయన గద్దె మీద కూర్చుని ఒక షావుకారుతో బేరంలో ఉన్నాడు. మా బజారులో బేరం నోటితో జరగదు. దళారి తన భుజం మీది తుండుగుడ్డ తీసి ఇద్దరి చేతుల మీదా కప్పుతాడు. దాని కింద వేళ్ళు మాట్లాడుకుంటాయి. ఏ వేలు పట్టుకుంటే ఎంత, ఏ కణుపు నొక్కితే ఎంత అని గుర్తులుంటాయి. అవి దళారులకూ షావుకార్లకూ మాత్రమే తెలుసు. సరుకు తెచ్చిన రైతు పక్కనే నిలబడి ఇద్దరి ముఖాలూ చూస్తుంటాడు, ముఖాల్లో ఏమీ ఉండదు. తుండు కింద మాట తుండు కిందే ఉండాల అనేది మా తాత మాటట. నాకు బుద్ధి తెలిసినప్పట్నుంచీ చూస్తున్న తంతే కాబట్టి నేను పక్క మండీవాళ్ళతో కబుర్లలో పడ్డాను.

వెనక్కి తిరిగి చూస్తే, బేరం అయిపోయి షావుకారు లేచాడు, ఆ చోట్లో ఇతను కూర్చుని ఉన్నాడు. బాసింపట్టు వేసుకుని, కుడిచెయ్యి ముందుకు చాచి.

"బాబాయిగారూ, నా చెయ్యి కూడా ఒకసారి పట్టుకుని చూపించరా? నేనేం కొనను, అమ్మను. ఎలా ఉంటుందో తెలుసుకుందామని."

నాయన కసురుకుంటాడని చూశాను. నాయన కసురుకోలేదు. అతని ముఖంలోకి ఒకసారి చూసి, తుండు దులిపి, ఇద్దరి చేతుల మీదా పరిచాడు.

"కండ్లు మూసుకో అబ్బయ్యా. చూసేది కాదిది."

అబ్బయ్యా అన్నాడు. నన్ను పిలిచే పిలుపు అది. అరగంట కూర్చున్నారు. తుండు కింద నాయన వేళ్ళు కదులుతున్నాయి, ఇతను తప్పు చెప్పినప్పుడల్లా నాయన నవ్వుతున్నాడు. ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు. నా ఏడో ఏటో ఎనిమిదో ఏటో ఒకసారి బేరం మధ్యలో ఆ గుడ్డ కింద చెయ్యి దూర్చబోతే, నాయన మొట్టికాయ వేసి "పొయ్యి చదువుకో పో" అన్నాడు. ఆ తరువాత నేను అడగలేదు. పెద్దయ్యాక చొక్కాకు చింతపండు వాసన అంటుతుందని మండీ లోపలికి రావడమే తగ్గించాను. అడగనివాడికి ఎవరు నేర్పుతారు? ఈ న్యాయం నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం, కొడుకును నేను ఉండగా ఎవడి చెయ్యో పట్టుకున్నాడని ఉడికిపోయాను. పక్కన నిలబడి, పడిపోయిన గింజలు ఏరుతున్నట్టు నటించాను.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి కూడా నాయనే పిలుచుకొచ్చాడు. అమ్మ మారు వడ్డిస్తూ, "ఎంత ఒబ్బిడిగా తింటాడో చూడు ఆ పిల్లోడు," అంది. ఆ పూట నాకు పులుసు పుల్లగా అనిపించింది.

వారం తరువాత, ఆదివారం పొద్దున, అతను నన్ను చింతాద్రిపేట గదికి పిలిచి వ్యాసం చేతిలో పెట్టాడు. సగం తెరిచిన కిటికీ పక్కన కూర్చుని చదివాను. మొదటి పేజీ దాటేసరికి నాకు తెలిసిపోయింది, ఉద్యోగం నాది కాదు. నేను ఇరవై రెండేళ్ళు చూసిన వీధి అది, కానీ నేను చూసింది ఏమీ లేదని ఆ కాగితాలు చెబుతున్నాయి. నాయన ముఖం ఉంది అందులో. బేరం సాగుతున్నంతసేపూ ఆయన ఎడమచెయ్యి మోకాలి మీద బోర్లించి పెట్టుకుంటాడట. అవును, పెట్టుకుంటాడు. చివర్లో ఒక గుర్తు గురించి రాశాడు. బేరం కుదరనప్పుడు దళారి ఎదుటివాడి బొటనవేలిని అతని అరచేతిలోకే మడిచి, మిగతా నాలుగు వేళ్ళూ దాని మీద మూసి, ఆ పిడికిలి మీద ఒకసారి తడతాడు. ఈ పూటకు కుదరలేదు, రేపు రా అని దాని అర్థం. దాని కింద ఒక వాక్యం: ఈ బజారులో బేరం చెడుతుంది గానీ మనిషి తెగడు.

ఆ వాక్యం నేను రాయాల్సింది. మా ఇంటి వాక్యం అది. మా ఇంటికి వచ్చి, మా అన్నం తిని, ఎత్తుకుపోయాడు.

అయితే మధ్యలో ఇంకో మూడు వాక్యాలున్నాయి. ఏ వేలుకు ఎంత, ఏ కణుపుకు ఎంత, విప్పి రాసేశాడు. అవి అచ్చులోకి రాకూడదని బజారులో పుట్టిన ఎవరికైనా తెలుసు. ఇతనికి తెలియదు. నాయన నేర్పుతున్నప్పుడు ఇది రాయొద్దు అని చెప్పలేదు. చెయ్యి పట్టుకుని నేర్పింది కాగితం మీదికి వస్తుందని ఆయనకు తోచి ఉండదు.

అతనే పెన్సిలు తీసి నాకిచ్చాడు. "మీ వాళ్ళకు ఇబ్బంది కలిగించేది ఏమన్నా ఉంటే నువ్వే కొట్టెయ్. నాకు మీ పద్ధతులు పూర్తిగా తెలియవు కదా."

పెన్సిలు చేతిలో ఉంది. మూడు గీతలు గీస్తే చాలు. గీసినా వ్యాసం అంతే బాగుండేది, అదే నా బాధ. ఈ మూడు వాక్యాలూ ఉంటే నాయనకు ఇతని మీద కోపం వస్తుంది, అబ్బయ్యా అన్న నోటితోనే ఇంటికి రావద్దంటాడు, అనుకున్నాను. ఎదుటివాడి రెండు కళ్ళూ పోతాయంటే తన కన్నొకటి పోయినా సరేననే రకం ఉంటారు చూడండి, నేను ఆ రకం. పోయేది నా కన్ను కూడా కాదు, నాయనది. అంత దూరం ఆలోచించలేదని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. ఆలోచించాననే అనుకుంటున్నాను ఇప్పుడు.

"ఏమీ లేదు. బాగుంది," అన్నాను. ఊరికే ఇచ్చేస్తే బాగుండదని ఒకచోట కామా పెట్టాను.

మరుసటి ఆదివారం అది నాయన మండీ బొమ్మతో సహా అచ్చయింది. కింద అతని పేరు. నా తోటమాలి వ్యాసం ముల్లు మీదే ఉండిపోయింది.

సోమవారం ఉదయం ధరల కోసం బజారుకు పోయేసరికి వీధంతా ఆ వ్యాసం మాటే. చిత్తూరు వైపు రైతు ఒకడు పేపరు ముక్క మడిచి జేబులో పెట్టుకొచ్చి, ఒక షావుకారు దగ్గరికి పోయి, చెయ్యి ముందుకు చాచి, "నా సరుక్కు నేనే నొక్కతా, పట్టుకో," అన్నాడట. చుట్టూ ఉన్న రైతులు పడీపడీ నవ్వారట. రైతులకు ఆ వ్యాసం మేలే చేసిందని ఈనాడు ఒప్పుకుంటాను. అందులో కూడా గొప్పతనం అతనిదే కాబట్టి సగమే ఒప్పుకుంటాను.

బజారు పెద్ద ఒకాయన మా మండీ ముందు నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"వీధిలో పెట్టేసినావు గదయ్యా," అన్నాడు నాయనతో. "నీ తండ్రి చేతిలో చెయ్యి పెట్టి నేర్చుకున్నోణ్ణి నేను."

ఆ వారంలోనే దళారులూ షావుకార్లూ గుర్తులు మార్చుకున్నారు. కొత్త గుర్తులు నాయనకు ఎవరూ చెప్పలేదు. కొత్త చింతపండు దిగే కాలం, వీధి నిండా బండ్లు, నాయన గద్దె మీద తుండు భుజాన వేసుకుని కూర్చునేవాడు. ఆ గుడ్డ కింద చెయ్యి పెట్టేవాడు లేడు. రోజూ పొద్దున ధరలు రాసుకోవడానికి నేను మాత్రం పక్క మండీలకు పోయేవాణ్ణి. వాళ్ళు నాకు చెప్పేవాళ్ళు. పేపరువాడికి చెప్పినట్టు చెప్పేవాళ్ళు, దళారి కొడుక్కి చెప్పినట్టు కాదు.

సంగతి తెలియగానే అతను పరిగెత్తుకుని మండీకి వచ్చాడు. ఆ పూట నేను లేను. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తెల్లారి నాయన కాఫీ తాగుతూ, నావైపు చూడకుండా అడిగాడు.

"అచ్చుకు ముందర నీకు చూపించినాడంట గదా ఆ పిల్లోడు?"

"చూపించినాడు."

"చదివినావా?"

"చదివినా."

"మొత్తమా?"

అబద్ధం చెప్పొచ్చు. నోరు రాలేదు. "మొత్తం నాయనా," అన్నాను.

నాయన లోటా కింద పెట్టి, తుండుతో మూతి తుడుచుకున్నాడు. "సరి," అని లేచి బజారుకు పోయాడు. తిట్టి ఉంటే ఆ రోజుతో పోయేది.

అతను న్యూస్ ఎడిటర్‌ను సవరణ వెయ్యమని అడిగాడు. ఆయన ఒప్పుకోలేదు. అందులో తప్పేదీ లేదు, ఉన్నదే రాశావు కదా అన్నాడట. దానికితను, అయితే నాకీ ఉద్యోగం వద్దండీ అన్నాడు. నాతో కారణం చెప్పాడు. "బాబాయిగారు అలా కూర్చుని ఉండగా, ఆ వ్యాసం పెట్టిన కూడు నేనెలా తిననోయ్? బెజవాడ పేపరుకు రాశాను, రమ్మన్నారు."

అక్కడ నేరుగా విలేకరి ఉద్యోగమట. ఇక్కడ వదులుకున్నదాని కంటే పెద్దది. పశ్చాత్తాపంలో కూడా నన్ను మించిపోయాడు. సెంట్రల్ స్టేషనులో బండి కదిలే ముందు నా చెయ్యి పట్టుకుని, "నువ్వు చదివి కూడా పట్టుకోలేదంటే నేను రాసిన తీరే అలా ఉంది, నీ తప్పేం లేదు," అన్నాడు. తెలిసి అన్నాడో తెలియక అన్నాడో ఈనాటికీ నాకు తేలలేదు. మళ్ళీ మేం కలుసుకోలేదు.

మార్చి చివర ఉద్యోగం నాకు ఇచ్చారు. "ఆ కుర్రాడు ఉండి ఉంటే నీదాకా వచ్చేది కాదు," అని న్యూస్ ఎడిటర్ నశ్యం పీలుస్తూ చెప్పాడు. మొహమాటం లేని మనిషి. ఆ కాగితం జేబులో పెట్టుకుని మండీకి పోయాను. మధ్యాహ్నం దాటింది. ఎదురు మండీలో బేరాలు సాగుతున్నాయి. నాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను, ఎండలు ముదిరాక ఆ బజారు పెద్దే వచ్చి నాయన తుండు కింద చెయ్యి పెట్టాడు, కొత్త గుర్తులు అలాగే చెప్పాడు. నేను చెప్పేది మాత్రం అంతకు ముందు సంగతి. ఎవరూ రాని రోజుల్లో సంగతి.

"పేపర్లో ఎత్తుకున్నారు నాయనా. ఈడ కూర్చునే పన్లేదు నాకు," అన్నాను.

నాయన కాగితం అడగలేదు. "ఇట్రా. కూర్చో," అన్నాడు.

ఎదురుగా, షావుకార్లు కూర్చునే చోట కూర్చున్నాను. నాయన భుజం మీది తుండు తీసి, దులిపి, మా ఇద్దరి చేతుల మీదా పరిచాడు. నా జీవితంలో మొదటిసారి. ఎడమచెయ్యి మోకాలి మీద బోర్లించి పెట్టుకున్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. గరుకు వేళ్ళు నా చేతిని వెతుక్కున్నాయి. నా బొటనవేలిని నా అరచేతిలోకే మడిచాయి. మిగతా నాలుగు వేళ్ళనూ ఒక్కొక్కటే దాని మీద మూశాయి. తరువాత పిడికిలి మీద ఒక్కసారి తట్టాడు.

నాకు తెలుసు. కుళ్ళుతో ఆ వ్యాసం ఎన్నిసార్లు చదివానంటే అది నాకు కంఠతా వచ్చు. ఈ పూటకు కుదరలేదు, రేపు రా. కామా ఎక్కడ పెట్టానో కూడా గుర్తుంది. నాయన నన్ను తెగ్గొట్టుకోలేదని నాకు అర్థమైంది, అర్థమైన మరుక్షణమే, అది కూడా అతని మాటల్లోనే అర్థమైందని లోపల ఏదో కాలింది. నాయన నోటితో వినాలనిపించింది. అతనికి చెప్పినట్టు, అరగంట కూర్చోబెట్టి, తప్పు చెబితే నవ్వి, నాకు చెప్పాలనిపించింది.

"తెలిసిందా?" అని అడిగాడు నాయన.

"తెలీలేదు నాయనా. ఏంది అది?" అన్నాను.

నాయన కొంచెంసేపు నా ముఖంలోకి చూశాడు. తుండు తీసి భుజాన వేసుకున్నాడు. "ఆ పిల్లోడైతే ఒక్కసారికే పట్టుకున్నాడు," అని చెప్పి, వీధిలో బండ్ల వైపు తిరిగి కూర్చున్నాడు.